కిలోమీటర్లు కాదు, గీతలు లెక్కపెట్టండి

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ఊసు, స్పితి. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్–స్పితి జిల్లాలో, పెద్ద హిమాలయాలకి అవతలి పక్కన, టిబెట్ సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఎత్తైన ఎడారి లోయ అది. వానమబ్బులు ఇవతలి కొండల మీదే కురిసి ఖాళీ అయిపోతాయి కాబట్టి అక్కడ వాన అంతంత మాత్రం, చలికాలంలో పడే మంచే ఏడాది పొడుగునా నీళ్ళు. మన తిరుపతి, చిత్తూరు కుర్రాళ్ళకి ఉన్నట్టుండి దాని మీద మనసెందుకు పడిందో ఊహించడం కష్టం కాదు, రీల్స్ పుణ్యం. అయితే మ్యాపు గురించి అడిగినవాళ్ళు ఇంతమంది ఉండటం సంతోషం, అందుకే ఈ వారం పేజీ మొత్తం దానికే. హోటల్ రేట్లు, బైకు అద్దెలు అడిగినవాళ్ళు ఏమీ అనుకోకండి, వాటి సంగతి నాకంటే మీ ఫోనుకే బాగా తెలుసు.

*

ప్రశ్న: సార్, మేం నలుగురం ఫ్రెండ్స్ జూన్‌లో మనాలి నుంచి స్పితిలోని కాజా అనే ఊరికి బైకుల మీద పోవాలనుకుంటున్నాం. రెండొందల కిలోమీటర్లే కదా, తిరుపతి నుంచి బెంగళూరుకి పొద్దున బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి చేరుకునేవాళ్ళం, ఇదీ అంతేలే అనుకున్నాం. మాలో ఒకడి మామయ్య ఆ లోయ టోపో మ్యాపు (ఎత్తుపల్లాలు చూపే మ్యాపు) ప్రింటు తీసిచ్చి ‘ముందు ఇది చదవండ్రా’ అన్నాడు. చూస్తే కాగితం నిండా గోధుమ రంగు గీతలు తప్ప ఏమీ లేవు. రోడ్డు వెతుక్కోవడానికే పది నిమిషాలు పట్టింది. అసలు దీన్ని ఎక్కడ మొదలుపెట్టి చదవాలి?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తిరుపతి)

జవాబు: ఆ మామయ్య ఎవరో గానీ ఆయనకి ఒక దండం. మీరు రోడ్డు వెతికారు చూడండి, అందరూ చేసేది అదే. రోడ్డుని కాసేపు పక్కన పెట్టండి. ముందు కాగితం అంచుల్లో చిన్న అక్షరాల్లో ఉన్న మూడు సంగతులు చదవండి: స్కేలు ఎంత, ఒక గీతకీ మరో గీతకీ ఎత్తులో తేడా ఎంత, సర్వే ఏ సంవత్సరంలో చేశారు. ఈ మూడూ తెలియకుండా లోపలి గీతల జోలికి పోతే అది మ్యాపు కాదు, గోడకి తగిలించుకునే బొమ్మ.

సర్వే ఆఫ్ ఇండియా షీట్లలో మనకి ఎక్కువగా దొరికేది 1:50,000 స్కేలు, అంటే కాగితం మీద 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. గోధుమ గీతల్ని కాంటూరు గీతలంటారు. ఒక గీత వెంబడే నడుస్తూ పోతే మీరు ఎక్కరు, దిగరు, ఒకే ఎత్తులో ఉంటారు. గీత దాటారంటే ఎక్కినట్టో దిగినట్టో. మన వైపు షీట్లలో గీతకీ గీతకీ మధ్య 20 మీటర్లు ఉండటం మామూలు, పెద్ద కొండల షీట్లలో అది 40 కూడా ఉంటుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మన షీటులో చూసినంత ఒత్తుగానే అక్కడి షీటులోనూ గీతలు కనబడతాయి, ‘ఓస్, మన కొండలాంటిదే’ అనుకుంటారు, కానీ అక్కడ ఒక్కో గీత విలువ రెట్టింపు. ప్రతి ఐదో గీత కాస్త లావుగా ఉండి దాని మీద అంకె ఉంటుంది కాబట్టి లెక్కపెట్టడం అంత తలనొప్పేమీ కాదు.

ఇప్పుడు మీకు కాళ్ళతో తెలిసిన లెక్క చెప్తా. తిరుపతి ఊరు సుమారు 150 మీటర్ల ఎత్తులో ఉంది, తిరుమల 850 చిల్లర. అలిపిరి నుంచి పైకి 700 మీటర్లు, అంటే 20 మీటర్ల గీతలు 35. మీరు మెట్ల దారిలో ఎక్కే ఉంటారు. మొదట గాలిగోపురం దాకా ప్రాణం తీస్తుంది, ఆ తర్వాత జింకల పార్కు వైపు కాస్త చదునుగా హాయిగా ఉంటుంది, చివర్లో మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ ఊపిరి బిగబట్టాల్సిందే. మ్యాపులో చూస్తే అచ్చం అలాగే, గీతలు మొదట కిక్కిరిసి, మధ్యలో విడివిడిగా, చివర మళ్ళీ దగ్గరపడి కనిపిస్తాయి. ఒకసారి ఇది కంటికి ఆనిందంటే ఏ లోయ మ్యాపైనా చదవగలరు.

ఇక మీ దారి. మనాలి సుమారు 2,050 మీటర్లు. అటల్ సొరంగం (2020 అక్టోబర్‌లో తెరిచారు, 9 కిలోమీటర్ల పొడవు) దాటి అవతలి మూతి దగ్గర బయటపడేసరికి 3,000 దాటిపోతారు. అక్కడ నుంచి చంద్రా నది పక్కన గ్రాంఫూ, బాతల్ మీదుగా కుంజుం కనుమ, దాదాపు 4,550 మీటర్లు. మనాలి నుంచి కుంజుంకి 2,500 మీటర్ల ఎక్కుడు, అంటే మూడున్నర తిరుమల కొండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. కనుమ దిగి లోసర్ మీదుగా కాజా చేరితే అది 3,650 దగ్గర. పొద్దున 2,050లో నిద్రలేచినవాళ్ళు రాత్రి 3,650లో పడుకుంటారు, మధ్యలో 4,550 ముట్టుకుని. ఒళ్ళు దీన్ని ఊరికే వదలదు. బాతల్ ముందు చాలా మేర దారి అంటే రాళ్ళూ, రోడ్డు మీద పారే వాగులూ. మీ బెంగళూరు హైవే లెక్క దీనికి కుదరదు.

నా మాట వింటే సిమ్లా వైపు నుంచి వెళ్ళండి. సిమ్లా 2,200, కిన్నౌర్‌లో కల్పా 2,960, తాబో 3,280, ఆ తర్వాత కాజా. దూరం రెట్టింపు ఉంటుంది, రోజులు ఎక్కువ పడతాయి, సెలవు దొరకదని మీలో ఒకడు గొణుగుతాడు కూడా. అయినా నిద్రపోయే ఎత్తు మెల్లమెల్లగా పెరుగుతుంది. తిరిగొచ్చేటప్పుడు కుంజుం మీదుగా మనాలి దిగండి, అప్పటికి ఒళ్ళు అలవాటుపడి ఉంటుంది. పైగా కుంజుం జూన్‌లో ఏ తేదీకి తెరుస్తారో ఆ ఏడు పడిన మంచుని బట్టే ఉంటుంది, టికెట్లు బుక్ చేసేశాం సార్ అంటే కొండ వినదు. పెట్రోలు మాత్రం మనాలిలో నింపితే మళ్ళీ కాజాలోనే అనుకుని లెక్క వేసుకోండి.

*

ప్రశ్న: నమస్తే సార్. మా పిల్లలు, మా వారు, 64 ఏళ్ళ మా అత్తగారు అందరం కలిసి స్పితి వెళ్దామని ప్లాన్. అత్తగారికి బీపీ మాత్రలు ఉన్నాయి, మిగతా ఆరోగ్యం బానే ఉంది, నాకంటే గట్టిగా నడుస్తారు. ప్రపంచంలోనే ఎత్తైన పోస్టాఫీసు అంటున్నారు కదా, హిక్కిం, అక్కడ నుంచి ఆమెకి ఆమె చెల్లెలికి కార్డు రాయాలని ఆశ. మ్యాపులో ఎత్తు చూసుకుంటే ఊపిరి ఆడుతుందో లేదో ముందే తెలుసుకోవచ్చా? నాకు మాత్రం ఒకటే టెన్షన్.
(గృహిణి, చిత్తూరు)

జవాబు: ఎవరికి ఎలా ఉంటుందో మ్యాపు చెప్పదమ్మా, ఎక్కడ జాగ్రత్త పడాలో మాత్రం చెబుతుంది. కాజా ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో మూడింట రెండొంతుల కంటే కొంచెం తక్కువ. హిక్కిం 4,400 మీటర్ల దగ్గర, పక్కనే ఉన్న కోమిక్ ఇంకా పైన, అక్కడ 60 శాతం కూడా ఉండదు. గాలిలో ప్రాణవాయువు పాలు అంతే ఉంటుంది, ఒత్తిడే తగ్గుతుంది కాబట్టి ఒక్కో ఊపిరికి లోపలికి పోయేది తక్కువ.

డాక్టర్లు చెప్పే లెక్క చాలా సులువు, మ్యాపు మీద పెన్సిలుతో వేసుకోవచ్చు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకి ఒకసారి ఒకే ఎత్తులో ఒక రోజు ఆగాలి. పగలు ఎంత పైకి ఎక్కొచ్చినా రాత్రికి కిందికి దిగి పడుకోవడం మంచిది. కాబట్టి కాజాలో రెండు రాత్రులు పడుకున్నాక, మూడో రోజు పొద్దున కార్లో హిక్కిం వెళ్ళి, కార్డు రాసి, ముద్ర వేయించి, మధ్యాహ్నానికి దిగి వచ్చేయండి. కోమిక్‌లోనో లాంగ్జాలోనో హోమ్‌స్టే బాగుంటుందని ఎవరు చెప్పినా ఆమెతో మొదటి వారంలో అక్కడ రాత్రి ఉండకండి. తలనొప్పి, వాంతులు, అన్నం సయించకపోవడం ఉంటే ఇంకా పైకి పోకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడుస్తుంటే తూలుతున్నా, మాట తడబడుతున్నా, అది రాత్రి రెండు గంటలైనా సరే కిందికి దింపాలి, తెల్లారనిద్దాం అనుకోకూడదు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా డయామాక్స్ అనే మాత్ర చాలామంది వేసుకుంటారు, అది బీపీ మాత్రలతో పడుతుందా, ఆమెకి సల్ఫా మందుల అలర్జీ ఉందా అన్నది మీ డాక్టరుగారినే అడగండి, పక్కింటాయన వేసుకున్నాడని వేయకండి.

ఒక చిన్న సంగతి, అత్తగారు తప్పకుండా అడుగుతారు కాబట్టి: కాజాలో నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. గిన్నెలో ఎసరు తెర్లుతూనే ఉంటుంది, బియ్యం మాత్రం పలుకు పలుకుగానే ఉంటుంది. కుక్కర్ ఉన్న చోట భోజనం చెప్పండి.

*

ప్రశ్న: అయ్యా, నేను లెక్కల మాస్టారిని. మ్యాపులో ఏర్లు కొన్ని నీలంగా, కొన్ని నల్లగా ఉన్నాయి. ప్రింటింగ్ తప్పా? స్పితి షీటు చూస్తే పచ్చరంగే లేదు, అక్కడక్కడా పసుపు మచ్చలు ఉన్నాయి, అవి ఏమిటి?
(పుత్తూరు)

జవాబు: ప్రింటింగ్ తప్పు కాదు మాస్టారూ. సర్వే షీట్లలో నీళ్ళు ఉండే ఏరుకి నీలం, ఎండిపోయే ఏరుకి నలుపు. మన స్వర్ణముఖిని చూడండి, తిరుపతి పక్కనే ఇంత వెడల్పు ఏరు, ఏడాదిలో ఎక్కువ భాగం ఇసకే. ఆ ఇసకని చూసి ‘ఎండిన ఏరు కదా’ అనుకున్నవాళ్ళకి 2021 నవంబర్ వానలు గట్టిగానే జవాబు చెప్పాయి. నలుపు గీత అంటే నీళ్ళు ఎప్పుడూ రావని కాదు, సర్వే వాళ్ళ లెక్కలో ఏడాది పొడుగునా ఉండవని మాత్రమే.

పచ్చరంగు అడవికి. అక్కడ అడవి లేదు, కాబట్టి పచ్చ లేదు. పసుపు అంటే సాగుభూమి. ఆ మచ్చల్ని జాగ్రత్తగా చూడండి, చాలా వరకు నది ఒడ్డున ఉండవు, నదికి బాగా పైన గట్టులాంటి చదును నేల మీద ఉంటాయి, ప్రతి దాని వెనక మంచు కొండ నుంచి దిగే సన్నని నీలం గీత ఒకటి ఉంటుంది. స్పితి నది కింద గులకరాళ్ళ మధ్య పాయలు పాయలుగా పారుతూ ఉన్నా పై పొలాలకి దాని నీళ్ళు ఎక్కవు. మంచు కరిగి వచ్చే వాగుని చిన్న కాలవలతో తిప్పి బార్లీ, పచ్చి బఠాణీ పండిస్తారు. కాలవ ఎక్కడుందో అక్కడే ఊరు. పసుపు మచ్చ పక్కన ఊరి పేరు లేకపోతే, పాత సర్వే అయితే, ఆ ఊరు ఆ తర్వాత కట్టుకున్నదేమో అని అనుమానించవచ్చు. నీలం రంగు కాంటూరు గీతలు కూడా కనిపిస్తాయి, అవి హిమానీనదాల మీదవి. తెలుపు అంటే రాయీ రప్పా.

నీలం గీత గురించి మ్యాపు చెప్పనిది ఒకటుంది. మంచు కరిగే వాగు పొద్దున చీలమండ లోతు, ఎండ ఎక్కాక మధ్యాహ్నం మూడింటికి నడుము లోతు. మన వైపు వాగులు వాన పడితే పొంగుతాయి, అవి ఎండ కాస్తే పొంగుతాయి. నీలం గీత రోడ్డుని కోస్తున్న చోట్లన్నీ గుర్తుపెట్టుకుని, వాటిని పదకొండు లోపు దాటేలా రోజుని మొదలుపెట్టాలి.

*

ప్రశ్న: సార్, నా ఫోన్లో ఎత్తు చూపించే యాప్ ఒకటి వేసుకున్నా. తిరుపతి రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే పసుపు బోర్డు మీద రాసిన ఎత్తు కంటే ఎనభై చిల్లర మీటర్లు తక్కువ చూపిస్తోంది. చెన్నై బీచ్‌లో అయితే నేను సముద్రంలో ఎనభై మీటర్ల కింద ఉన్నానంటోంది! ఫోన్ పోయిందా? ఇలాంటి దాన్ని నమ్ముకుని హిమాలయాలకి పోవచ్చా?
(డిగ్రీ విద్యార్థి, శ్రీకాళహస్తి)

జవాబు: నీ ఫోన్ బంగారంలా ఉంది తమ్ముడూ. బోర్డూ కరెక్టే, ఫోనూ కరెక్టే, ఇద్దరూ కొలత మొదలుపెట్టిన చోటు వేరు. బోర్డు మీదది సగటు సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు. జీపీఎస్‌కి సముద్రం తెలియదు, భూమిని ఒక నున్నటి గుండ్రటి ఆకారంగా లెక్కగట్టి దాని ఉపరితలం నుంచి కొలుస్తుంది. నిజం సముద్రమట్టం అంత నున్నగా ఉండదు, భూమి లోపల బరువు ఎక్కువ తక్కువలని బట్టి కొన్ని చోట్ల ఉబ్బి, కొన్ని చోట్ల లోతుకి దిగి ఉంటుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద పల్లం మన పక్కనే, శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉంది, అక్కడ నీటిమట్టం లెక్క ప్రకారం ఉండాల్సిన దానికంటే 100 మీటర్లకు పైగా కిందికి ఉంటుంది. ఆ పల్లం అంచు మన దాకా వస్తుంది కాబట్టి తిరుపతి, చెన్నైల్లో తేడా 80 మీటర్లు దాటుతుంది. కొన్ని యాప్‌లు ఈ తేడాని తామే సరిచేసి చూపిస్తాయి, కొన్ని పచ్చిగా వదిలేస్తాయి. నీది రెండో రకం. సెట్టింగుల్లో సగటు సముద్రమట్టం అనే మాట వెతుకు.

స్పితిలో ఈ తేడా ఇంతకంటే తక్కువే అయినా మ్యాపు మీద అంకెతో సరిపోదు. అందుకని ఎక్కడైనా ఎత్తు కచ్చితంగా తెలిసిన చోట, కాజా బస్టాండు లాంటి చోట, ఫోను చూపే అంకెకీ మ్యాపు అంకెకీ తేడా చూసి రాసుకుంటే, ఆ లోయ అంతటా దాదాపు అదే తేడా కలుపుకుంటూ పోవచ్చు. ఇంకో మెలిక ఉంది. భూమి ఆకారాన్ని లెక్కగట్టే పద్ధతులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి: పాత సర్వే షీట్లు ఎవరెస్ట్ అనే లెక్క (శిఖరం కాదు) మీద గీసినవి, ఫోను డబ్ల్యూజీఎస్ 84 అనే లెక్క మీద నడుస్తుంది. పాత షీటు స్కాన్ చేసి ఫోన్లో పెట్టుకుని సర్దకుండా చూస్తే నువ్వున్న చుక్క పక్కకి జరిగి కనిపిస్తుంది. ఊళ్ళో అయితే ఏమీ కాదు, ఇరుకు గండి అంచున ఆ జరుగుడు చాలా పెద్దది.

*

ప్రశ్న: రిటైరైన ఉద్యోగిని. మా నాన్నగారి పుస్తకాల్లో పాత ప్రయాణాల వ్యాసం ఒకటి దొరికింది. అందులో స్పితి దగ్గర షిల్లా శిఖరం 23,050 అడుగులని, 1860లోనే ఎవరో ఎక్కేశారని ఉంది. మా మనవడు ఇప్పటి మ్యాపు తీసి 6,132 మీటర్లే తాతా అంటున్నాడు. ఎవరిది రైటు?
(పలమనేరు)

జవాబు: మీ మనవడిదే. 23,050 అడుగులంటే 7,000 మీటర్లు దాటుతుంది. తేడా దాదాపు 900 మీటర్లు, అలిపిరి నుంచి తిరుమల ఎక్కుడు కంటే ఎక్కువే! నాకు ఈ మ్యాపులన్నిటిలోకీ ఇష్టమైన కథ ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తా.

1802లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర లాంబ్టన్ దొర గీసిన ఆధారరేఖతో మొదలైన కొలత, త్రిభుజం తర్వాత త్రిభుజంగా ఉత్తరాదికి పాకి, హిమాలయాల దాకా వెళ్ళింది. శిఖరం మీద ఒక గుర్తు కర్ర పాతితే దూరాన ఉన్న కొండల మీద నుంచి దాన్ని గురి చూసి కోణాలు కొలుస్తారు. కర్ర పాతడానికి ఎవరో ఒకరు ఎక్కాలి కదా. దొరలు ఎక్కరు, ఖలాసీలు ఎక్కుతారు. 1860లో షిల్లా మీదికి అలా కర్ర మోసుకెళ్ళింది సర్వేలో పనిచేసే ఒక ఖలాసీ అంటారు. శిఖరం 7,000 దాటిందని అప్పటి లెక్క కాబట్టి, మనిషి కాలు పెట్టిన అతి ఎత్తైన చోటు అదేనని ఎన్నో దశాబ్దాల పాటు రికార్డుగా చెప్పుకున్నారు. తర్వాత కొలతల్లో ఎత్తు 6,132కి దిగింది, రికార్డు పోయింది. అంకె తప్పిపోవచ్చు, 6,132 మీటర్ల కొండని తోలు బూట్లో, గడ్డి చెప్పులో ఏవి దొరికితే అవి వేసుకుని కర్ర భుజాన పెట్టుకుని ఎక్కిన మనిషి మాత్రం తప్పు కాదు. ఆయన పేరు ఎవరూ రాసిపెట్టలేదు. పర్యవేక్షించిన దొరల పేర్లు శిఖరాలకి పెట్టుకున్నాం, ఇది మాత్రం నాకు ఎప్పుడు చదివినా ఒళ్ళు మండుతుంది.

అంత తేడా ఎలా వస్తుందని మనవడు అడిగితే చెప్పండి: దూరం నుంచి కోణం చూసి ఎత్తు కట్టేటప్పుడు చల్లగాలి, వేడిగాలి పొరల్లో వెలుతురు వంగి శిఖరం ఉన్న చోటు కంటే పైన కనబడొచ్చు, పక్కపక్కనే ఉన్న రెండు కొనల్లో ఒకదాన్ని ఇంకొకటి అనుకోవచ్చు. అందుకే పాత మ్యాపు, పాత వ్యాసం చదివేటప్పుడు అడుగులా మీటర్లా అన్నది మొదట, సర్వే ఏ ఏడాదిది అన్నది తర్వాత.

*

ప్రశ్న: ఎస్వీ యూనివర్సిటీలో జాగ్రఫీ పీజీ చేస్తున్నాను. కిబ్బర్, చిచం అనే రెండు ఊళ్ళు మ్యాపులో ఎదురెదురుగా వేలెడు దూరంలో ఉన్నాయి. వాటి మధ్య 2017లో వంతెన కట్టడం అంత పెద్ద వార్త ఎందుకైంది? ఇంకొకటి, అక్కడికి పోయే స్తోమత ఇప్పట్లో లేదు, ఇక్కడే ఉండి ఇలాంటి మ్యాపు చదవడం ప్రాక్టీసు చేయొచ్చా?

జవాబు: ఆ రెండు ఊళ్ళ మధ్య గీతలు చూడమ్మా. రెండు వైపుల నుంచీ వచ్చిన గీతలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే లావు గీతలా కనబడుతున్నాయా? అది నిట్టనిలువు గండి. వంతెన రాకముందు తాడుకి వేలాడే బుట్టలో కూర్చుని ఒకరు లాగితే అవతలికి పోయేవాళ్ళు, సామాను, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ. లేదంటే బోలెడంత చుట్టు. స్కేలు పెట్టి కొలిస్తే వేలెడు దూరం, గీతల్లో కొలిస్తే సగం పూట. ఆ లోయలో ఇలాంటి చోట్లు ఎన్నో, పిన్ నది స్పితిలో కలిసే వైపూ, ధన్‌కర్ కింద, ఎక్కడ చూసినా. 1:50,000 షీటులో 2 మిల్లీమీటర్లలో 20 మీటర్ల గీతలు ఐదు పట్టాయంటే 100 మీటర్లు ముందుకి పోయేసరికి 100 మీటర్లు పైకి అని అర్థం, 45 డిగ్రీలు. 40 మీటర్ల గీతలైతే చెప్పనే అక్కర్లేదు.

ప్రాక్టీసుకి ఎక్కడికీ పోనక్కర్లేదు. తిరుపతి, తిరుమల రెండూ పడే షీటు 57 ఓ/6, చిత్తూరుది 57 ఓ/4. కొండ నుంచి గీతలు ‘వి’ ఆకారంలో వంగి మొన ఎత్తు వైపుకి ఉంటే అది వాగు, మొన పల్లం వైపుకి ఉంటే అది కొండ కొమ్ము. ఆ షీటులో అలిపిరి దారీ శ్రీవారి మెట్టు దారీ రెండింటికీ గీతలు లెక్కపెట్టి ఎత్తుల పటం గీయి. శ్రీవారి మెట్టు 2,388 మెట్లకే ఎందుకు అయిపోతుందో, అయినా మోకాళ్ళు ఎందుకు ఏడుస్తాయో కాగితం మీద కనబడుతుంది. గీసిన పటం జేబులో పెట్టుకుని శనివారం పొద్దున్నే ఎక్కి సరిచూసుకో, పుణ్యమూ పురుషార్థమూ. ఘాట్ రోడ్డులో బస్సు కిటికీ లోంచి అడుగున గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు కనిపించే చోటు ఒకటుంది, రెండు రాళ్ళ వయసుకీ మధ్య కోట్ల ఏళ్ళ తేడా ఉన్న జాతీయ భూగర్భ స్మారకం అది, దాన్ని కూడా షీటు మీద గుర్తుపెట్టు. ఒక్కటి మాత్రం, మ్యాపు పట్టుకుని శేషాచలం అడవి లోపలికి మాత్రం పోవద్దు. అనుమతి కావాలి, పైగా ఎర్రచందనం గొడవల్లో మ్యాపు, దిక్సూచి పట్టుకుని తిరుగుతున్న కొత్త మొహాన్ని ఎవరూ జాగ్రఫీ స్టూడెంటు అనుకోరు.

*

ప్రశ్న: అన్నా, ఈ షీట్లు ఎక్కడ దొరుకుతాయి? అమ్మితే కొంటాం. ట్రెక్ గ్రూపు మాది, పిన్ లోయలోకి నడిచి పోవాలని ఉంది.
(చంద్రగిరి)

జవాబు: కొనక్కర్లేదు. 2005 మ్యాపుల విధానంలో సర్వే వాళ్ళు షీట్లని రక్షణ శాఖకి ఒక రకం, జనానికి ఒక రకం అని విడదీశారు. జనానికిచ్చే వాటిని 2017 నుంచి సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో ఉచితంగా దింపుకోవచ్చు. కాజా పాత లెక్కలో 52 ఎల్ లో వస్తుంది. సరిహద్దు పక్కన ఉన్న షీట్లు కొన్ని దొరక్కపోతే గొడవ పడకండి, అది మామూలే. అప్పుడు అంతరిక్షం నుంచి తీసిన ఎత్తుల లెక్కతో కాంటూరు గీతలు గీసే ఉచిత యాప్‌లు దిక్కు. 2000 ఫిబ్రవరిలో అమెరికా షటిల్ రాడార్‌తో పదకొండు రోజుల్లో తీసిన ఎత్తులే చాలా యాప్‌లకి ఇప్పటికీ ఆధారం. 30 మీటర్ల గడులుగా తీసిన కొలత కాబట్టి ఇరుకు గండిలో నిలువు గోడ కాస్తా మెత్తటి వాలుగా కనబడుతుంది, దాన్ని నమ్మి అడుగు వేయకూడదు. యాప్‌లో దారి అని చుక్కల గీత కనబడినా ఆ ఊరి మనిషిని అడిగాకే. శాటిలైట్ ఫోను తీసుకెళ్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో అది నేరం. ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతాల్లోకి వెళ్ళడానికి ఇచ్చే అనుమతి) భారతీయులకి స్పితికి అక్కర్లేదు.

మీ గ్రూపు పిన్ లోయ నుంచి పార్వతి లోయ వైపు దాటుతామంటే మాత్రం ఆ కనుమ 5,319 మీటర్లు, మధ్యలో హిమానీనదం, దానికి మ్యాపు ఒక్కటీ చాలదు, అక్కడి గైడు లేకుండా వద్దు.

*

ప్రశ్న: ఫోన్లో మ్యాపు ఉండగా ఇంకా ఈ కాగితం ఎందుకండీ?
(రేణిగుంట)

జవాబు: చలికి ఫోను బ్యాటరీ సగం ఉన్నట్టు చూపిస్తూనే టక్కున ఆరిపోతుంది కాబట్టి. ఫోను లోపలి చొక్కా జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి, మ్యాపు ముందే ఆఫ్‌లైన్‌లో దింపుకోండి, కాగితం ప్రింటు మాత్రం రెండు తీయించండి. ఒకటి ప్లాస్టిక్ కవర్లో మీ దగ్గర, రెండోది మీతో వచ్చేవాళ్ళలో కాస్త నెమ్మదిగా ఉండే మనిషి దగ్గర.